మూడు సున్నాలు

12 నవంబర్, మంగళవారం

కలవలేదట.

కోర్టు పెట్టిన నిపుణుడు డాక్టర్ నాజీ లేచాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, తాపీగా చెప్పాడు: "ఫైలు వేలిముద్ర అంటే కంప్యూటరు దాన్ని లెక్కకట్టి ఇచ్చే అక్షరాల వరుస. డిస్కులో ఉన్న వీడియో వేలిముద్ర, ఆగస్టులో రిజిస్ట్రీ ముద్ర పడిన కాగితం మీదున్న వేలిముద్ర ఒకటి కావు." చెప్పి కూర్చున్నాడు. బస్సు టికెట్ చింపి ఇచ్చినంత తేలిగ్గా.

హాగ్ మన్సీ తరపు లాయరు దాని కోసమే కాచుక్కూర్చున్నట్టు లేచాడు. "అంటే కాగితం రాయించాక వీడియోని మార్చారన్నమాట, జడ్జిగారూ. మా హాగ్ మొహం తెచ్చి అతికించారు. అంత పనితనం ఎక్కడిదంటారా? కంప్యూటర్లు తెలిసిన అమ్మాయి వాళ్ళింట్లోనే ఉందిగా!"

అందరూ నావైపు తిరిగారు. నేను లేచి నిలబడ్డాను. "కూర్చోమ్మా" అన్నాడు జడ్జి. కూర్చోలేదు. జవాను వచ్చి భుజం మీద చెయ్యి వేయబోతే ఆ చేతిని ఒక చూపు చూశాను, వెనక్కి తీసుకున్నాడు. మా లాయరు ఉస్తాజ్ లమయీ నా కోటు అంచు పట్టుకుని కిందికి లాగాడు. అప్పుడు కూర్చున్నాను.

బోనులో మా వాచ్‌మన్ అబ్దుర్రాదీ తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

ఈ వీడియో చెల్లకపోతే మా పొరుగావిడ సిత్ ఫహీమా చావు అతని మెడకే చుట్టుకుంటుంది. మా భవనం కింది అంతస్తులో స్తంభం కోయించింది యజమాని హాగ్ మన్సీ. కొట్టు వెడల్పు కావాలని, పట్టపగలు, దగ్గరుండి కోయించాడు. సెప్టెంబర్లో మెట్లు కూలి ఆవిడ పోయాక "నాకేం తెలుసు, నా వెనకాల వాచ్‌మన్ చేశాడు, కింది గది పెద్దది చేసి దొంగతనంగా అద్దెకిచ్చుకుందామని" అంటున్నాడు. ఆ కోత వీడియో తీసిన పిన్ని ఫోను ఆ మెట్ల కిందే పోయింది. మిగిలింది నా ఆఫీసు కంప్యూటర్లో దాచిన కాపీ. మెట్లు కూలకముందే ఆ కాపీ ఉందని చెప్పేది, దాని వేలిముద్రని లాయరు ఆఫీసులో టైపు కొట్టించి రిజిస్ట్రీ ముద్ర వేయించిన ఆ కాగితం ఒక్కటే.

నేను తీసిన వేలిముద్ర తప్పట! మూడేళ్ళుగా మా ఓడల ఆఫీసులో ప్రతి ఫైలునీ నేను రాసిన స్క్రిప్టే వేలిముద్ర తీసి సరిచూస్తోంది. ఒక్కసారంటే ఒక్కసారి తేడా రాలేదు.

తదుపరి వాయిదా డిసెంబర్ తొమ్మిది.

13 నవంబర్

నా స్క్రిప్టులో తప్పు లేదు.

14 నవంబర్, గురువారం

నిపుణుడి నివేదిక నకలు తెచ్చి ఇచ్చాడు ఉస్తాజ్ లమయీ. ట్రాములో చదివాను. డాక్టర్ నాజీ డిస్కుని తప్పుగా కాపీ చేసుకుని ఉంటాడు. లేదా కోర్టు గుమాస్తా వేరే డిస్కు ఇచ్చి ఉంటాడు. లేదా హాగ్ మన్సీ ఎవరి చేతిలోనో ఏదో పెట్టి ఉంటాడు. అతను పెట్టని చేతులు ఈ ఊళ్ళో ఎన్నున్నాయి గనక.

నివేదికలో ఒక వాక్యం ఉంది. "మొదటి కొన్ని అక్షరాలు రెండింటిలోనూ ఒకటే, ఆ తర్వాత పూర్తిగా వేరు." దాని గురించి ఆలోచించనక్కర్లేదు. యాదృచ్ఛికం కావచ్చు.

ఆఫీసులో ఈ రోజు సైప్రస్ నుంచి వచ్చిన ఫైళ్ళన్నీ సరిచూశాను. అన్నీ కలిశాయి. చూశావా, డాక్టర్ నాజీ!

17 నవంబర్, ఆదివారం

తుపాను. ఏటా ఈ రోజుల్లో వచ్చే మక్నసా, అంటే చీపురు, ఈసారి రోజు కూడా తప్పకుండా వచ్చింది, నిజంగానే ఊడ్చిపెట్టేస్తోంది. మెట్లు కూలాక మేము చేరిన ఈ బాకూస్ గదికి కిటికీ సరిగా పడదు. పిన్ని పాత తువ్వాళ్ళు కుక్కుతూ నన్ను తగులుకుంది.

"ఏమే రబాబ్, ఆ సినిమా తీసింది నేనేగా. నేను తీసింది తీసినట్టే ఉందా, లేదా?"

"ఉంది పిన్నీ."

"మరి ఆ కళ్ళజోడాయన లేదంటాడేం?"

"ఆయనకి రాదు."

"డాక్టరని పేరు ముందు తగిలించుకున్నాడు, రాదా?"

"రాదు."

"నీ దాంట్లో ఓసారి చూసుకోకూడదూ?"

"చూసుకోడానికి ఏముంది?"

పిన్ని విగ్దాన్ తువ్వాలు పిండుతూ నా మొహంలోకి చూసింది. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. "హోంవర్కు ఇంట్లో మరిచిపోయానని చెప్పే పిల్లలు ఇలాగే నిలబడేవాళ్ళు" అంది.

నేను ఫూల్ చిక్కుళ్ళ గిన్నె తీసుకుని అవతలికి వెళ్ళి తిన్నాను. చల్లారిపోయింది. అయినా తిన్నాను.

18 నవంబర్

నా స్క్రిప్టులో తప్పు లేదు. ఉంటే ఆఫీసులో మూడేళ్ళుగా ఎలా కలుస్తాయి?

23 నవంబర్, శనివారం

ఉస్తాజ్ లమయీ ఆఫీసుకి అబ్దుర్రాదీ భార్య వహీబా కూడా వచ్చింది. సోహాగ్ నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చింది, సంచిలో ఎండురొట్టె, పాత జున్ను. లాయరు టైపిస్టు మేడమ్ సనియ్యా ఆవిడకి టీ ఇచ్చి, తన కుర్చీ కూడా ఇచ్చేసి, తను నిలబడే టైపు చేసింది.

జైలు నుంచి అబ్దుర్రాదీ కబురు పంపాడట. ఉస్తాజ్ లమయీ వహీబాని టీ గ్లాసు కడిగి రమ్మని లోపలికి పంపి, గొంతు తగ్గించి చెప్పాడు. "కోర్టులో సినిమా వేయొద్దంటున్నాడు. వేస్తే తన భార్య బయట ఉండాలట. అదీ మాటిస్తేనే నోరు విప్పుతాడట."

ఎందుకో మా ముగ్గురికీ తెలుసు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. పిన్ని మెట్ల మీద నుంచి తీసింది, కోత మోతకి తల పగిలిపోతోందని, పోలీసులకి చూపిద్దామని. సగం తెర ఆవిడ బొటనవేలే. మిగతా సగంలో ఇద్దరు కూలీలు, కోత మిషను, దుమ్ము. హాగ్ మన్సీ వేలు చూపించి "ఇక్కడ, ఇంకా లోపలికి" అంటాడు. అబ్దుర్రాదీ వచ్చి స్తంభానికి వీపు ఆనించి చేతులు చాచి నిలబడతాడు. "పైన ఆడాళ్ళున్నారు హాగ్, వద్దు" అంటాడు. హాగ్ చాచి లెంపకాయ కొడతాడు. తలపాగా ఊడి దుమ్ములో పడుతుంది. మళ్ళీ కొడతాడు. పైనుంచి పిన్ని గొంతు, దేవుడు వినకూడని మాటలు. చివరికి ఇద్దరు కూలీలూ అతన్ని చెరో చెయ్యీ పట్టుకుని ఈడ్చేస్తారు.

యాభై దాటిన మనిషి. వాళ్ళవైపు చావడానికైనా ఒప్పుకుంటారు గానీ లెంపకాయ తిన్నానని భార్య ముందు ఒప్పుకోరు. పోలీసులకి కూడా "ఆ వేళ నేను బజారుకెళ్ళాను" అని చెప్పాడు, పిచ్చి మనిషి! ఆ ఒక్క అబద్ధమే ఇవాళ అతన్ని బోనులో నిలబెట్టింది.

"ముందు వీడియో చెల్లనివ్వు, ఆ తర్వాత కదా ఎవరు బయట ఉండాలో చూసుకునేది" అన్నాను.

"అది నువ్వు చెప్పాలి బాష్‌ముహందిసా, ఇంజనీరువి నువ్వేగా" అన్నాడు ఉస్తాజ్ లమయీ. "తేడా ఎక్కడ వచ్చింది?"

"వాళ్ళ దగ్గర."

"మొదటి అక్షరాలు ఎలా కలిశాయి మరి?"

నేను సంచి తీసుకుని లేచి వచ్చేశాను. జవాబు తెలియక కాదు. ఫైలులో ఒక్క చుక్క మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది, మొదటి అక్షరం దగ్గర్నుంచీ. సగం కలిసి సగం మారడం అనేది ఉండదు. కలిసిందంటే ఫైలు అదే. ఫైలు అదే అయితే...

ట్రాము వచ్చేసింది, ఇంటికి వచ్చేశాను.

26 నవంబర్

పళ్ళు నొప్పి. నిద్రలో నూరుతున్నానట.

27 నవంబర్, బుధవారం

భోజనాల వేళ ఆఫీసు ఖాళీ అయ్యాక స్క్రిప్టు తెరిచాను.

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

జావాస్క్రిప్టు వేలిముద్రని అక్షరాల్లో ఇవ్వదు. ముడి సంఖ్యల వరుస ఇస్తుంది. అలాగే తెర మీద పెడితే డబ్బాలు, ప్రశ్నార్థకాలు, ఏవో చుక్కలు. మనిషి చదవలేడు, కాగితం మీద కొట్టలేడు. అందుకే ఒక్కో సంఖ్యనీ రెండేసి అక్షరాలుగా మార్చి గుదిగుచ్చాలి. మార్చే పని మూడేళ్ళ కిందట నేనే ఒక్క వరుసలో రాశాను. రాసిన రోజు ఎంత మురిసిపోయానో! అంత పొట్టిగా ఎవరూ రాయలేరనుకున్నాను.

ఇవాళ గుదిగుచ్చకుండా సంఖ్యలన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టించి, పక్కనే అక్షరాలు పెట్టించాను. రెండు, రెండు, రెండు, అలా దిగుతూ వచ్చి ఒకచోట ఒక్కటే అక్షరం. సంఖ్య చిన్నది. చిన్నదైతే ముందు సున్నా చేర్చాలి. నా వరుస చేర్చదు. అలాంటివి మూడు చోట్ల ఉన్నాయి. అరవై నాలుగు అక్షరాలు ఉండాల్సిన వేలిముద్రకి రిజిస్ట్రీ ముద్ర పడిన నా కాగితంలో ఉన్నవి అరవై ఒకటి. ఆగస్టు నుంచీ ఎవరూ లెక్కపెట్టలేదు. నేనూ లెక్కపెట్టలేదు. ఎవరు లెక్కపెడతారు వేలిముద్రలో అక్షరాల్ని?

మరి ఆఫీసులో మూడేళ్ళుగా ఎలా కలిశాయి అంటే, పంపేటప్పుడూ నా స్క్రిప్టే, అందుకున్నాకా నా స్క్రిప్టే. తప్పుని తప్పుతో పోల్చుకుని భుజాలు చరుచుకున్నాను. అద్దంలో మొహం చూసుకుని ఇంకో మనిషి మెచ్చుకుందని అనుకున్నట్టు.

మధ్యాహ్నం సైప్రస్ ఫైళ్ళు సరిచూశాను. అన్నీ కలిశాయి.

28 నవంబర్

ఆఫీసుకి వెళ్ళలేదు.

30 నవంబర్, శనివారం

ఉస్తాజ్ లమయీకి చెప్పాను. తల పట్టుకుంటాడనుకున్నాను. నవ్వాడు! లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఇంకేం, బతికిపోయాం. మూడు సున్నాలేగా పోయినవి?"

"అవును."

"టైపిస్టు మింగేసిందని చెబుదాం. ఇంత పొడుగు చెత్త కొడుతూ ఉంటే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. సనియ్యాకి అద్దాలు కూడా పాతబడ్డాయి. జడ్జి చదివి 'ఆఁ, గుమాస్తా పొరపాటు' అంటాడు, అయిపోతుంది. వాళ్ళ లాయరుకి నోరెత్తే సందుండదు."

"ఆవిడ తప్పు కొట్టలేదు."

"ఆవిడకేం పోతుంది? నేను ఉద్యోగంలోంచి తీసేస్తానా?"

"అడిగారా ఆవిణ్ణి?"

"అడగాలా? నేను చెబితే కాదనదు."

తలుపు అవతల టైపు మిషను చప్పుడు ఆగిపోయింది. ఆ పలచటి తలుపు గురించి ఆయన మరిచిపోయాడు, ఇన్నేళ్ళుగా అక్కడే ఉంటున్నా.

నేను తప్పు చేశానని నాకు నేను చెప్పుకోడానికే రెండు వారాలు పట్టింది. ఇప్పుడు దాన్ని తీసుకెళ్ళి ఇంకో ఆడదాని నెత్తిన రుద్దాలి. హాగ్ మన్సీ చేసిందీ అదే కదా, వాచ్‌మన్ విషయంలో. అతను స్తంభం కోసి వాచ్‌మన్ని చూపించాడు. నేను సున్నాలు పోగొట్టి టైపిస్టుని చూపించాలి!

"నేను చెబుతాను కోర్టులో. నా స్క్రిప్టు తప్పని."

"చెప్పు! చెబితే వాళ్ళేమంటారో విను. 'తనకి పని రాదని తనే ఒప్పుకుంటోంది, ఇంక ఈ కాగితం దేనికి' అంటారు. నీకు నోరుంది సరే, జైల్లో ఉన్నది నువ్వు కాదు రబాబ్. నీ నిజాయితీకి వాడు శిక్ష అనుభవించాలా?"

ఆ మాట గుచ్చుకుంది. ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. అబ్దుర్రాదీ దగ్గర పైసా తీసుకోకుండా వాదిస్తున్నాడు.

బయటికొస్తుంటే మేడమ్ సనియ్యా నా వైపు చూడకుండానే అంది: "నేను కొట్టిన కాగితాన్ని మీ కాగితంతో మూడుసార్లు పోల్చి చూశాను ఆ రోజు. మీరు మెట్లు దిగిపోయాక కూడా." మళ్ళీ టైపు మొదలుపెట్టింది.

3 డిసెంబర్, మంగళవారం

పిన్నికి చెప్పాను. "హోంవర్కు దొరికిందన్నమాట" అంది. అంతకన్నా ఏమీ అనలేదు, బంగారు తల్లి.

జడ్జికి ఎలా చెప్పాలో ఆవిడ మీదే సాధన చేస్తున్నాను. మొదటిసారి చెప్పినప్పుడు ఆవలించింది. రెండోసారి చెప్పినప్పుడు ఉల్లిపాయలు తరగడానికి లేచింది. మూడోసారి గోడ గడియారం చూపించాను.

"తొమ్మిది గంటల అయిదు నిమిషాలు. ఎలా రాస్తావు?"

"తొమ్మిది, పక్కన సున్నా అయిదు."

"సున్నా రాయకపోతే?"

"తొమ్మిది, అయిదు. తెలుస్తూనే ఉందిగా."

"చుక్కలు కూడా లేకుండా, రోజంతా చూసిన టైములన్నీ కలిపి ఒకే వరుసలో రాస్తే?"

పిన్ని కత్తి పక్కన పెట్టింది. వేలితో గాల్లో రాసుకుంది. "మొదటి టైము వరకూ బాగానే ఉంటుంది. సున్నా పోయిన దగ్గర్నుంచి ఒక్కోటీ పక్కదాంట్లోకి జరుగుతుంది. అంతా తారుమారైపోతుంది."

"మొదట్లో కలిసి, తర్వాత తేడా."

"ఆ కళ్ళజోడాయన అదే రాశాడుగా!" అని, మళ్ళీ గాల్లో వేలు తిప్పి, "అయితే ఆయన దగ్గరున్న వరుసలోంచి సున్నాలు తీసేస్తే నీ వరుస రావాలి" అంది.

వారం రోజులుగా నేను నా తప్పుని ఎలా దిద్దాలా అని చూస్తున్నాను. ఆవిడ ఆయన ఒప్పుని ఎలా చెడగొట్టాలో చెప్పింది.

నివేదిక తీశాను. ఆయన వేలిముద్రని పెన్సిలుతో రెండేసి అక్షరాల చొప్పున గీతలు పెట్టి విడగొట్టాం. సున్నాతో మొదలయ్యే జతలు మూడే ఉన్నాయి. ఆ మూడు సున్నాలూ కొట్టేశాం. మిగిలింది పిన్ని బిగ్గరగా చదువుతుంటే నేను నా కాగితంలో వేలు పెట్టి చూశాను. చివరి అక్షరం వరకూ.

ఉల్లిపాయల వల్ల ఇద్దరికీ కళ్ళు మండాయి. కాదు, ఏడ్చాం.

5 డిసెంబర్

ఉస్తాజ్ లమయీ ఇంకా టైపిస్టు కథే బాగుందంటున్నాడు. "సులువైనది వదిలి" అంటూ మొదలుపెడితే ఫోను పెట్టేశాను. నేను తలొంచను. ఒంచితే 'నాకోసం కాదు, వాళ్ళ కోసం' అని చెప్పుకోడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు దొరుకుతారు.

భయంగా ఉంది. అది కూడా రాస్తున్నాను.

9 డిసెంబర్, సోమవారం

పొద్దున ఎనిమిదింటికే కోర్టు నిండిపోయింది. ఖాసిమ్ తుపాను పోతూ పోతూ వదిలిన చలి, తడి బూట్ల వాసన. వహీబాని పిన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ బయట ఉండనంది. "ఎంత దూరం నుంచి వచ్చానని! నా మొగుణ్ణి చూసుకోవద్దా?" అంది. అబ్దుర్రాదీ బోనులోంచి ఆవిణ్ణి చూసి మొహం తిప్పుకున్నాడు.

నన్ను పిలిచారు.

"కాగితం మీద వేలిముద్ర తప్పు" అన్నాను. "నేను రాసిన స్క్రిప్టు తప్పు. టైపిస్టు తప్పు కాదు, నిపుణుడి తప్పూ కాదు. ఆయన కొట్టిందే సరైన వేలిముద్ర."

ఉస్తాజ్ లమయీ కళ్ళు మూసుకున్నాడు. హాగ్ మన్సీ లాయరు మొహం పెళ్ళికొడుకులా వెలిగింది.

"వినండి జడ్జిగారూ! తనే ఒప్పుకుంది. అయ్యా, ఈవిడ పనిచేసే ఓడల ఆఫీసులో మూడేళ్ళుగా ఇదే స్క్రిప్టట. అంటే మూడేళ్ళుగా అన్నీ తప్పులేనా అమ్మాయ్?"

"అన్నీ తప్పులే. అన్నీ ఒకేలా తప్పు."

ఎవరో నవ్వారు. జడ్జి కూడా మీసం కింద కొంచెం నవ్వాడు.

"ఒకేలా తప్పు అంటే?" అన్నాడు.

గడియారం కథ చెప్పాను. గోడ మీద కోర్టు గడియారం ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి నా చేతి గడియారం విప్పి చూపించాను. తొమ్మిది అయిదు. "నా స్క్రిప్టు కొత్త అక్షరం పుట్టించదు, ఉన్నదాన్ని మార్చదు. జత ముందు సున్నా ఉంటే మాత్రం వదిలేస్తుంది. డాక్టర్ నాజీ గారి వేలిముద్ర ఆయన చేతిలోనే ఉంది. అందులో జతల ముందున్న సున్నాలు ఆయన్నే కొట్టేయమనండి. మిగిలింది నా కాగితంతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా వస్తే నన్ను కూడా ఆ బోనులో పెట్టండి."

"ఇదేం గారడీ!" అని అరిచాడు లాయరు. "వాళ్ళకి కావలసింది వచ్చేలా అక్షరాలు తీసేసుకుంటారా?"

డాక్టర్ నాజీ చెయ్యెత్తాడు. నేను ఆయన్ని నెల రోజులుగా తిట్టుకుంటున్నాను, ఈ పేజీల్లోనే. "ఇష్టం వచ్చినవి తీయడం కాదు" అన్నాడు నెమ్మదిగా. "తీయాల్సినవి ఏవో నియమమే చెబుతోంది. ఈ పొరపాటు నాకు తెలుసు. నా విద్యార్థులు ప్రతి ఏడాదీ చేస్తారు. మొదటి అక్షరాలు కలిసినప్పుడే నాకు తోచి ఉండాల్సింది."

జడ్జి పెన్ను ఆయనకివ్వలేదు. నివేదిక తన ముందుకి లాక్కుని తనే గీతలు పెట్టాడు. ఒక సున్నా కొట్టేశాడు. ఇంకోటి. పేజీ చివరికి వెళ్ళాక ఇంకోటి. తర్వాత గుమాస్తాని పిలిచి నా కాగితం చదవమన్నాడు. గుమాస్తా ఒక్కో అక్షరం చదువుతుంటే జడ్జి పెన్ను మొనతో ఒక్కోదాన్నీ తాకుతూ వెళ్ళాడు. మధ్యలో గుమాస్తా ఒక అక్షరం తప్పు చదివితే నా ప్రాణం పోయింది. "మళ్ళీ చదువు" అన్నాడు జడ్జి. ఈసారి సరిగా చదివాడు.

చివరికి పెన్ను మూత పెట్టాడు.

"ఈ ఫైలు ఆగస్టులో ఉన్నదే" అన్నాడు. "తెర పెట్టండి."

అబ్దుర్రాదీ రెండు చేతులతో బోను కడ్డీలు పట్టుకున్నాడు. "అయ్యా! మా ఆడమనిషిని బయటికి పంపండయ్యా!" ఈ మూడు నెలల్లో కోర్టులో అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"నేనెక్కడికీ పోను" అంది వహీబా.

వేశారు. గోడ మీద పిన్ని బొటనవేలు తాటికాయంత. దుమ్ము. మోత. హాగ్ మన్సీ వేలు చూపిస్తున్నాడు, "ఇక్కడ, ఇంకా లోపలికి". అతని లాయరు కాగితాల్లో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అబ్దుర్రాదీ వచ్చి స్తంభానికి వీపు ఆనించాడు. లెంపకాయ చప్పుడు ఆ గదిలో ఎంత పెద్దగా వినిపించిందో! నా ఆఫీసు కంప్యూటర్లో అంత పెద్దగా ఎప్పుడూ వినిపించలేదు. తలపాగా పడింది. రెండో దెబ్బ.

బోనులో అబ్దుర్రాదీ గోడవైపు తిరిగి తల దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

వహీబా లేచి నిలబడింది. జవాను "కూర్చో" అన్నాడు, ఆవిడకి వినపడనే లేదు. తెర మీద ఇద్దరు మగాళ్ళు ఆవిడ మొగుణ్ణి ఈడ్చేసే వరకూ రెప్ప వేయకుండా చూసింది. వీడియో ఆగిపోయాక కూడా ఖాళీ గోడని కాసేపు చూసింది. అప్పుడు జడ్జి వైపు తిరిగింది. ఏడవలేదు.

"చూశారా అయ్యా! కొట్టినా కదల్లేదు. రెండోసారి కొట్టినా కదల్లేదు. ఇద్దరు పట్టి లాగితే గానీ కదిలాడా మా ఆయన?" తర్వాత బోను వైపు తిరిగి, కోర్టంతా దద్దరిల్లేలా, సోహాగ్ పొలాల్లో అవతలి గట్టు మీది మనిషిని పిలిచినట్టు అరిచింది: "ఏమయ్యోయ్! ఇటు తిరుగు! ఎవుడి ముందు తల దించుతున్నావు నువ్వు? ఇటు తిరగవయ్యా!"

తిరిగాడు.

11 డిసెంబర్, బుధవారం

నిన్న సాయంత్రం అబ్దుర్రాదీని వదిలారు. హాగ్ మన్సీని పిలిపించారు, దేశం దాటకుండా ఉత్తర్వు కూడా ఇచ్చారట. ఈ కథ ఇంకా చాలా నడుస్తుంది. నడవనీ.

ఇవాళ మధ్యాహ్నం ఇద్దరూ ఈ గదికి వచ్చారు. పిన్ని కార్జం వేయించింది, మిరపకాయలు దట్టించి. అబ్దుర్రాదీ చిక్కిపోయాడు, ఒంటి మీద గలబియా అంగీ వేలాడుతోంది. టీ తాగుతూ గ్లాసుకేసి చూస్తూ అడిగాడు.

"బాష్‌ముహందిసా. ఆ సినిమా ఇంకా నీ దగ్గరుందా?"

చెరిపేయమంటాడని అనుకున్నాను. కేసు ముగిసేదాకా చెరపడానికి వీల్లేదని ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. "ఉంది" అన్నాను.

"చెరిగిపోదుగా?"

"పోదు."

"ఎవరూ మార్చలేరుగా?"

"మారిస్తే తెలిసిపోతుంది."

తల ఊపాడు. గ్లాసు కింద పెట్టి, వహీబా వైపు చూసి, మళ్ళీ నావైపు చూశాడు. నేరుగా.

"ఊళ్ళో మా అన్నదమ్ములున్నారు. వాళ్ళ ఫోనుకి పంపు" అన్నాడు. "ఆ దెబ్బలు కత్తిరించకు. మొత్తం పంపు."